గొంగడి అని కొడితె ఏం రాలే

వెబ్‌సైటు మొదలుపెట్టే రోజు కంప్యూటర్ ముందర కొబ్బరికాయ కొట్టిండ్రు. కీబోర్డుల నీళ్లు వడ్తయని నేను గాబరగ దాన్ని పక్కకు గుంజుకున్న. జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన సారు మౌస్ పట్టుకొని, ఏడ నొక్కాల్నో తెల్వక నా దిక్కు చూసిండు. ఆయన చెయ్యి పక్కనుంచి నేనే నొక్కిన. తెర మీద నల్ల గొంగడి బొమ్మ పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగ మెల్లగ దిగింది. అందరు చప్పట్లు కొట్టిండ్రు. మా నాయిన గూడ కొట్టిండు.

తొంభైల చివరి ముచ్చట ఇది. మాది పాలమూరు జిల్లాల, నారాయణపేటకు పోయే తొవ్వ మీద ఒక ఊరు. మేం గొర్లు కాసుకుంట గొంగళ్లు నేసుకునేటోళ్లం. అమ్మ ఉన్ని వడికేది, నాయిన నేసేటోడు. ఇంట్ల ఒక మూలకు మగ్గం గుంత ఉండె. నాయిన అండ్ల కాళ్లు దించి కూసుంటె నడుము మీది దాకనే కనపడేటోడు. నేను డిగ్రీ అయినంక టైపు నేర్చుకుందామని మహబూబ్‌నగర్ పోయి, ఆన్నే కంప్యూటర్ నేర్చుకొని, ఆన్నే పిల్లలకు చెప్పుడు షురూ చేసిన. ఆ ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆమెను అందరం ఆపా అంటుంటిమి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు టైపు మిషన్లు గోడ పొంటి వరుసగ పెట్టి చాన ఏండ్లు నడిపిన మనిషి. రోజులు మారుతున్నయని ఎవ్వరు చెప్పకముందే మిషన్లు అమ్మేసి కంప్యూటర్లు తెచ్చింది. ఫోను లైనుకు మోడెం తగిలించి మా గల్లీల ఇంటర్నెట్ చూపెట్టింది గూడ ఆమెనే.

మా ఊర్ల గొంగడి నేసేటోళ్లకు ఒక సంఘం ఉండె. దానికి పెద్దమనిషి మా నాయిన. సంఘానికి వెబ్‌సైటు ఉండాలన్న ఆలోచన సారుది. హైదరాబాద్‌ల ఒక కంపెనీకి పని అప్పజెప్పిండు. ఆ కంపెనీ నుంచి ఒకాయన ఒక్క పూట మా ఊరికి వచ్చి, ఎండ ఎక్కువుందని రెండు సార్లు సోడా తాగి, ఫోటోలు తీసుకొని పోయిండు. లోపలి రాత అంత నేనే రాసిన, ఇంగ్లీషుల. గొర్రె బొచ్చు ఎప్పుడు కత్తిరిస్తరు, దారానికి చింతగింజల గంజి ఎందుకు వెడ్తరు, వానల గొంగడి కప్పుకున్న మనిషి ఎందుకు తడువడు. అమ్మను అడిగి, నాయినను అడిగి, రాసింది మల్ల కొట్టేసి రాసిన. నా పేరు ఏడ వెయ్యలేదు. దానికి నాకేం బాధ లేకుండె.

కొబ్బరికాయ కొట్టిన కొన్ని దినాలకు, పిల్లల క్లాసు అయినంక, ఒక సెర్చ్ ఇంజన్‌ల గొంగడి అని ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టిన. ఏం దొరకలేదని వచ్చింది. ఇంకో దాంట్ల కొట్టిన. అండ్ల గూడ లేదు. నల్ల ఉన్ని, చేతి నేత, మహబూబ్‌నగర్ అని ఎన్ని తీర్ల కొట్టినా న్యూజిలాండ్ గొర్లు వస్తున్నయి, మా ఊరి గొర్లు వస్తలేవు. అడ్రసు మొత్తం తప్పు లేకుండ కొడితె మాత్రం సైటు దిగుతాంది. అంటె అడ్రసు ముందే తెలిసినోనికే మేం కనపడ్తం. అడ్రసు తెల్వనోని కోసమే కదా సైటు పెట్టింది?

అప్పట్ల గిట్లాంటియి చెప్పేటోళ్లు మా దిక్కు ఎవ్వరు లేరు. దొరికిన కాడికి సదువుకొని నేనే సమజ్ చేసుకున్న. సెర్చ్ ఇంజన్ మనిషిలెక్క బొమ్మలు చూడదు. పేజీల ఉన్న అక్షరాలు సదువుతది, అండ్ల ఉన్న లింకు పట్టుకొని ఇంకో పేజీకి పోతది, సదివింది యాది పెట్టుకుంటది. మా మొదటి పేజీల ఒక్క అక్షరం లేదు. కంపెనీ వాళ్లు అందంగ ఉంటదని మొత్తం ఒక్క బొమ్మ పెట్టి, ఆ బొమ్మలనే లింకులు దాసిండ్రు. దానికి మా ఇంటి ముందర గోడనే ఉంది, తలుపు లేదు.

అందుకని సైట్ మ్యాప్ ఒకటి తయారుచేసిన. అదేం పెద్ద పని కాదు. సైటుల ఎన్ని పేజీలు ఉన్నయో అన్నిటి పేర్లు, వాటి లింకులు ఒక్క పేజీల వరుసగ రాసుడు. ఆ ఒక్కటి దొరికితె చాలు, సెర్చ్ ఇంజన్ మిగిలినయన్ని చూస్తది. దాన్ని మెయిల్ల కంపెనీకి పంపి, జర పెట్టుండ్రి అన్న. పెడ్తం అన్నరు. పెట్టలే. ఫోను చేసిన. సంబంధించిన మనిషి లేడన్నరు. మల్ల చేసిన. ఆఖరుకు పెట్టిండ్రు. పెద్దక్షరం ఉన్న కాడ చిన్నక్షరం కొట్టి సగం లింకులు పనిచెయ్యకుండ చేసిండ్రు. దిద్ది పంపిన. మల్ల ఫోన్లు.

అయినంక ఒక్కొక్క సెర్చ్ ఇంజన్‌కు పోయి, మా సైట్ మ్యాప్ ఫలానా కాడ ఉంది, వచ్చి చూడమని అడ్రసు ఇచ్చిన. పొద్దుగాల ఎస్‌టీడీ రేటు తక్కువుంటదని, ఆపా ఫజర్ నమాజు చేసి తలుపు తీసేవరకు నేను మెట్ల మీద కూసుంటుంటి. హైదరాబాద్ నంబరు తిప్పి, మోడెం కీచుమని, లైను కలిస్తె అదృష్టం. మీ అడ్రసు ముట్టింది, కొన్ని వారాలు పడ్తది అని జవాబు వస్తుండె. వారాలు ఆగిన. ఏం రాలే. గొంగడిని కంబళి అంటరేమోనని ఆ మాట గూడ చేర్పించిన. పేజీల తలకాయ మీద పేర్లు మార్పించిన. మల్ల అడ్రసు ఇచ్చిన, మల్ల ఆగిన. నాకు వచ్చిన పని ఇంతేనా, నాకే చాతనైత లేదా అని రోజు నన్ను నేను తిట్టుకుంటుంటి.

ఇంతల సారు మా ఊర్ల మీటింగ్ పెట్టిండు. సంఘం షెడ్డుల నేసేటోళ్లందర్ని కూసోబెట్టి, సైటును ఎంతమంది చూసిండ్రో కింద నంబరు తిరుగుతది కదా, ఆ నంబరు సదివిండు. అండ్ల సగం నేను చూసినయే. నేను గూడ షెడ్డుల ఒక పక్కకు నిలవడ్డ. సారు నవ్వుకుంటనే చెప్పిండు.

"మీ గొంగళ్లను ప్రపంచం ముందర పెట్టినం. ఒక్కడన్న అడిగిండా? అడగలే. అంటే మీ సరుకుకు గిరాకి లేదని అర్థం. కోపం చేసుకోకుండ్రి, ఉన్నమాట అంటున్న. వేరే పనులు చూసుకోండి."

సైటు ఇంకా సెర్చ్‌ల దొరుకుత లేదు సార్, అందుకే ఎవ్వరు రాలేదని నేను లేచి చెప్పిన. మంచిగుంటె అదే దొరుకుతదమ్మా అన్నడు. నాయిన భుజం మీది తువ్వాల తీసి మడత పెట్టి మల్ల ఏసుకున్నడు. సారు జీపెక్కి పోయిండు. నేను బస్సెక్కి వచ్చిన.

తర్వాత ఒక ఐతారం ఇంటికి పోయిన. లోపలికి పోంగనే ఇల్లు వెడల్పైనట్టు అనిపించింది. మగ్గం లేదు. గుంత పూడ్చి, సాపు చేసి, పెండతోటి అలికిండ్రు. దాని మీద జొన్నల సంచులు పెట్టి ఉన్నయి. అమ్మను అడిగిన. సారు వచ్చిపోయినంక నాయిన రెండు దినాలు మగ్గం మీద కూసోలేదట. మూడో దినం మన్ను తెచ్చి పోసిండట. నల్ల గొర్లను అమ్మి, బొచ్చు లేని ఎర్ర గొర్లను కొనుక్కొచ్చిండట. ఇప్పుడు అందరు కోతకు అవే పెంచుతున్నరు కదా అన్నది అమ్మ, ఆయన తరఫున చెప్పినట్టు.

నాయిన మాపటికి మందను దోలుకొని వచ్చిండు. కాళ్లు కడుక్కోకముందే నేను షురూ చేసిన. తాత కాలం నుంచి ఉన్న మగ్గం, ఎవడో జీపుల వచ్చి ఒక్క మాట అంటే పూడుస్తవా? నీ చేతి పని నీకు తెల్వదా? గా సారు ఎన్నడన్న గొంగడి కప్పుకున్నడా? ఇంకా ఏమేమో అన్న. నాయిన చెంబుల నీళ్లు పట్టుకొని నిలవడి అన్ని విన్నడు.

"నేను సారును నమ్మలే బిడ్డా," అన్నడు. "నువ్వే కదా చెప్పినవ్, గా మిషిన్ల ప్రపంచమంత ఉంటదని. అంత ప్రపంచంల ఒక్కడు అడగలేదంటె నేనేమనుకోవాలె? నిన్ను నమ్మిన."

కాళ్లు కడుక్కొని లోపలికి పోయిండు. ఆ పూట ఇంట్ల తినలే. తెల్లారి మొదటి బస్సుకే వాపసు వచ్చిన. తొవ్వ పొడుగున నా కోపం ఎవరి మీదనో నాకే తెలుస్త లేదు. సారు మీదనా, నాయిన మీదనా, ఆ మిషిన్ మీదనా.

ఆపా కాడికి ఢిల్లీ నుంచి ఇంగ్లీషుల ఒక కంప్యూటర్ పత్రిక వస్తుండె. ఆ వారంలనే, పిల్లలు ప్రాక్టీసు చేస్తుంటె, నేను దాన్ని తిరగేస్తున్న. సెర్చ్ ఇంజన్లు ఏ సైటుకు వచ్చినా ముందుగాల ఒక చిన్న ఫైలు అడుగుతయని అండ్ల ఒక మూలకు రాసిండ్రు. ఆ ఫైలు పేరు రోబోట్స్. సైటు యజమాని అండ్ల ఏ పేజీలు చూడొచ్చు, ఏవి చూడొద్దు అని రాసి పెట్టుకోవచ్చట. నేనైతె అట్లాంటి ఫైలు ఎన్నడు రాయలే. మా సైటుల లేదనే అనుకున్న. ఎందుకైనా మంచిదని మా అడ్రసు కొట్టి, చివరికి ఆ ఫైలు పేరు తగిలించి చూసిన.

తెల్లటి తెర మీద రెండు వరుసలు వచ్చినయి. మొదటి దాంట్ల ఎవరైనా సరే అనే అర్థానికి ఒక చుక్క గుర్తు. రెండో దాంట్ల ఏదీ చూడొద్దు అని. అంతే.

అంటె నేను సైట్ మ్యాప్ పెట్టిన ప్రతిసారి, అడ్రసు ఇచ్చిన ప్రతిసారి, అవి వచ్చినయి. గడప కాడ నిలవడి ఆ రెండు వరుసలు సదువుకొని, మర్యాదగ వెనుకకు పోయినయి. లోపల ఎన్ని పేజీలు రాసినా, ఎన్ని లింకులు దిద్దినా వాటికి సంబంధం లేదు. ఆపా నా మొకం చూసి దగ్గరికి వచ్చింది. నేను ఇడిసి చెప్పిన. ఆమె అద్దాలు సర్దుకొని రెండు వరుసలు సదివింది.

"తాళం వాళ్లే ఏసిండ్రు," అన్నది. "మల్ల ఎవ్వరు రాలేదని మీ బాపునే తప్పు పట్టిండ్రు."

అప్పటికప్పుడు కంపెనీకి ఫోను చేసిన. మా సారు మీటింగ్‌ల ఉన్నరు అన్నరు. తెల్లారి చేసిన. సర్వర్ చూసేటాయన సెలవుల ఉన్నరు అన్నరు. సంగతేందో రాసుకోండి అంటె, మెయిల్ చెయ్యమన్నరు. చేసినదానికి జవాబు లేదు. ఇగ ఆపాను సెలవు అడిగిన. ఆమె సెలవు ఇచ్చి, బస్సుల తినుమని రొట్టెలు చుట్టిచ్చింది. షాద్‌నగర్ దాటేవరకు ఆ రొట్టెల పొట్లం ఒళ్లె పెట్టుకొని, ఏమేం అడగాల్నో పెదవులు కదుపుకుంట అనుకుంట పోయిన. పక్కనున్న ముసలామె నేను దేవున్ని మొక్కుతున్ననుకున్నది.

హైదరాబాద్ ఇమ్లీబన్ బస్టాండుల దిగి, సిటీ బస్సు పట్టుకొని పంజాగుట్ట పోయిన. చెప్పులు బైట ఇడువుమన్నరు. లోపల ఏసీ చల్లగ ఉంది. కంపెనీ నడిపే ఆయన నన్ను కూసోబెట్టి మంచినీళ్లు, చాయ తెప్పిచ్చిండు. నేను విషయం చెప్పిన. ఆయన తన మిషిన్ల చూసి, తల ఊపిండు.

"సైట్ తయారవుతున్నప్పుడు పెడతామండీ, ఎవరూ సగం పేజీలు చూడకుండా. తర్వాత తీసేయాలి. మావాళ్లు మర్చిపోయినట్టున్నారు. ఇంత చిన్న విషయానికి మహబూబ్‌నగర్ నుంచి రావాలా? ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది."

ఎన్ని ఫోన్లు చేసిన్నో చెప్పిన. అయ్యో అన్నడు. నేను చాయ తాగుడు కాకముందే ఆ ఫైలు తీసేసిండు. అయిపోయిందండీ అన్నడు, సంతోషంగ. అంతే పని. అంత అల్కగ అయ్యే పనికి మా ఇంట్ల మగ్గం పోయింది.

తప్పు మాదని జిల్లా సారుకు మీరే ఫోను చేసి చెప్పుండ్రి అన్న. ఇందులో తప్పు అనేంత ఏముందండీ, టెక్నికల్ విషయాలు ఆయనకెందుకు అన్నడు. ఆ సారు మా ఊర్ల ఏమన్నడో, మా నాయిన ఏం చేసిండో చెప్పిన. దానికీ మాకూ సంబంధం ఏంటండీ అన్నడు. అప్పుడు నా గొంతు లేచింది. తలుపు తాళమేసి చుట్టాలు రాలేదంటె తప్పు ఇంటోల్లదా, తాళమేసినోనిదా అని అడిగిన. పక్క బల్లలోళ్లు తలకాయలెత్తి చూసిండ్రు. ఆయన మొకం ఎర్రగైంది.

"మెల్లగా మాట్లాడండి. ఇది ఆఫీసు, మీ ఊరు కాదు."

మా ఊర్ల అయితె తప్పు చేసినోడు తల దించుకుంటడు అన్న. లేచి బైటికి వచ్చి చెప్పులేసుకున్న. చానమంది అంటరు, కోపంల అన్న మాటకు తర్వాత సిగ్గనిపిస్తదని. నాకు అనిపియ్యలే. ఇంకో నాలుగు మాటలు అంటే బాగుండె అని మాత్రం అనిపించింది.

ఆ తర్వాత మల్ల అన్ని సెర్చ్ ఇంజన్లకు అడ్రసు ఇచ్చిన. ఎండలు ముదిరేవరకు మొదటి దాంట్ల గొంగడి అని కొడితె మా సైటు వచ్చింది. కొన్నాళ్లకు ఇంకో దాంట్ల. సైట్ మ్యాప్‌ల నేను రాసిన వరుసలనే పేజీలన్ని కనపడ్డయి. నేను ఎగిరి గంతెయ్యలే. తెర దిక్కు చూసుకుంట కూసున్న. ఆపా పిల్లలందరికి చాయ తెప్పిచ్చింది.

మెయిల్లు రావడ్డయి. మొదలు పుణె నుంచి ఒకామె రాసింది. ఉన్ని దుకాణం నడుపుతదట. రంగు వెయ్యని నల్ల గొంగళ్లు కావాలె, చింతగింజల గంజి పెట్టినయే కావాలె అన్నది. వేరే దేశం నుంచి ఒక కాలేజీ పంతులు ఆ గంజి గురించి రెండు పేజీల ప్రశ్నలు పంపిండు. ఇంకా కొన్ని వచ్చినయి. మా ఊర్ల మూడిండ్లల్ల మగ్గాలు ఇంకా ఉన్నయి కాబట్టి వాళ్లు నేసుడు షురూ చేసిండ్రు.

మెయిల్లు వస్తున్న సంగతి సారుకు ఎట్లనో తెలిసింది. మల్ల షెడ్డుల మీటింగ్. ఈసారి పటం తీసేటాయనను గూడ తోలుకొచ్చిండు. మెయిల్లు ప్రింటు తీపిచ్చి చేతుల పట్టుకొని, మా కృషి ఫలించింది, నేను ముందే చెప్పిన ఓపిక పట్టాలని అన్నడు. వేరే పని చూసుకోమన్న నోరు అదే. నేను లేచి నిలవడ్డ. ఆయన కూసొమ్మని చెయ్యి ఊపిండు. కూసోలే. సారు దిక్కు తిరగకుండ, మావోళ్ల దిక్కు తిరిగి చెప్పిన.

"ఇన్ని దినాలు ఎవ్వరు రాకపోవుడు మన గొంగడి తప్పు కాదు. సైటు కట్టినోళ్లు లోపలికి రావద్దని రాసి, తీసుడు మర్శిండ్రు. అది తెలుసుకోకుండనే మీకు గిరాకి లేదని సారు అన్నడు. ఇప్పుడు ఆ రాత తీపిచ్చినం. అందుకే అడుగుతున్నరు."

ఇక్కడ టెక్నికల్ విషయాలు ఎందుకమ్మా అన్నడు సారు. టెక్నికల్ ఏం లేదు సార్, ఆనాడు అన్నమాట వాపసు తీసుకోండ్రి అన్న. ఆయన గడియారం చూసుకున్నడు. జిల్లాల ఇంకో కార్యక్రమం ఉందన్నడు. వాపసు తీసుకోలే. పటం తీసేటాయన ఏం చెయ్యాల్నో తెల్వక ఒక పటం తీసి, ఆయన వెనుకనే జీపెక్కిండు.

ఇంటికి నడుస్తుంటె నాయినను అడిగిన, ఇగ మగ్గం పెడ్తవా అని. విన్నవ్ కదా, తప్పు మనది కాదు అన్న. విన్న, మంచిగ చెప్పినవ్ అన్నడు. ఇగ నాకు మనసొప్పదు బిడ్డా అన్నడు. నేను బతిలాడలే. నాకు బతిలాడబుద్ధి కాలే. గా రోజు నాయిన మీద గూడ కోపమే వచ్చింది, ఇప్పటికి జర ఉంది.

సారు బదిలీ మీద పోయిండు. కొత్తగ వచ్చినాయన సైటును మల్ల మంచిగ చెయ్యాలె, నువ్వు వచ్చి చేస్తవా అని కబురు పెట్టిండు. పాస్‌వర్డ్ సంఘం చేతుల పెడితె చేస్త అన్న. ఆలోచించి చెప్త అన్నడు. చెప్పనే లేదు. ఏడాది తిరిగేవరకు అడ్రసు గడువు అయిపోయింది, ఎవ్వరు పట్టించుకోలే, సైటు పోయింది. నేను రాసిన పేజీలన్ని దాంతోటే పోయినయి.

పుణె ఆమె మాత్రం ఇడువలే. మెయిల్లు ఆగినంక గొంగళ్ల కోసం ఆపా ఫోనుకే చేసేది. ఒక సారి నాయిన సంతకు వచ్చి మా కాడ కూసున్నప్పుడు ఆమె ఫోను వచ్చింది. గొంగడిని ఉడుకు నీళ్లల్ల ఉతికిపిచ్చిందట, అది ముడుసుకపోయి బిర్రుగైందట. ఆపా నాయిన చేతికి ఫోను ఇచ్చింది. నాయిన గొర్ల సంతల నేర్చుకున్న ఉర్దూల మొదలు మెల్లగ చెప్పిండు. ఆమె అవతల ఏమన్నదో, ఆయన గొంతు పెరిగింది. గరం పానీ నక్కో అని ఎన్ని సార్లు చెప్పాలె, అది ఉన్ని, నీ ఇంట్ల దుప్పటి కాదు అని గట్టిగ అంటాండు. క్లాసుల పిల్లలు టైపు ఆపి చూస్తున్నరు. నేను ఆపుమని సైగ చెయ్యబోయిన. ఆపా నా చెయ్యి పట్టుకొని, అననియ్యి అన్నది.